ఎర్ర మొగాలెన్ని, టీచరమ్మా?

పోయిన ఆదివారం నేను ఒక ఊరు ఊరంతటికీ మేక భోజనం పెట్టానర్రా! పండగా కాదు, మొక్కూ కాదు. తప్పు కట్టాను. అవును, నేనే. రోజూ ప్రేయర్‌లో పిల్లలకి క్రమశిక్షణ గురించి లెక్చర్లు దంచే నేనే. నవ్వండి, నవ్వండి. ముందు టీ పోసుకోండి, ఇది ఒక్క గుక్కలో అయిపోయే కథ కాదు.

మీకు తెలుసు కదా, నేను బయాలజీ టీచర్ని. అరకు పక్కన ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల. మా లెక్కల టీచర్ డెలివరీకి లీవు పెట్టింది. హెచ్చెమ్ గారు నన్ను పిలిచి, "మేడం, పదో తరగతి లెక్కలు ఈ రెండు నెలలూ మీరు చూసుకోండి. మీకు రానిదేముంది?" అన్నారు. ఎవరైనా అలా అంటే పడిపోవడం నా జబ్బు. సరే అన్నాను. మిగతా పాఠాలన్నీ గైడు చూసి ఎలాగో నెట్టుకొచ్చాను. సంభావ్యత పాఠం వచ్చేసరికి మాత్రం కొంగు బిగించాను. ఎందుకంటే అందులో సగం లెక్కలు పేక ముక్కలవే! పేక గురించి నేను గైడు చూడాలా?

మా అమ్మమ్మది బొబ్బిలి పక్క పల్లె. అక్షరం రాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి అరుగు మీద చాప వేసి, కూతుళ్ళనీ కోడళ్ళనీ కూర్చోబెట్టి రమ్మీ ఆడించేది. ఇస్పేటు, కళావరు, ఆటీను, డైమను. నాకు అఆలకంటే ముందు వచ్చిన మాటలివి. మా ఇంట్లో ఇప్పటికీ సగం మాటలు పేకవే. పెళ్ళి సంబంధం కుదిరితే "సీక్వెన్స్ పడింది" అంటాం. పనిలోంచి మెల్లగా జారుకునే మా ఆయన్ని "మిడిల్ డ్రాప్" అంటాం. మా పెద్దాడపడుచు ఎక్కడికెళ్ళినా, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతుంది, ఆవిడ మా జోకరు. ఇన్ని మాటలు నాలుక చివరుంటే ఇక భయమేటి?

క్లాసులోకెళ్ళి మొదటి లెక్క చదివాను. బాగా కలిపిన యాభై రెండు పేక ముక్కల్లోంచి ఒకటి తీస్తే అది ఎర్ర ముఖ కార్డు అయ్యే సంభావ్యత ఎంత? ముప్పై మంది పిల్లలు గుడ్లప్పగించి చూస్తున్నారు. రెండో బెంచీలోంచి పావని లేచింది. బాగా చదివే పిల్ల. "టీచర్, ముఖ కార్డంటే ఆధార్ కార్డా? దాని మీద మొగముంటది గదా."

నవ్వొచ్చింది. వెంటనే బాధేసింది కూడా. ఈ ప్రశ్న రాసినాయన ప్రతి ఇంట్లోనూ ఒక పేక కట్ట ఉంటుందనుకున్నాడు. అడవిలో ఏ దుంప ఏ నెలలో తవ్వాలో ఈ పిల్లలకి తెలుసు, దాని మీద ఎవడూ ప్రశ్న వెయ్యడు. కళావరు నలుపో ఎరుపో తెలీదని మాత్రం మార్కులు కోసేస్తారు. ఇదేం న్యాయం? నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు కట్ట పట్టుకెళ్దామంటే హెచ్చెమ్ గారు చేతులు జోడించారు. "వద్దు మేడం! ఎవరైనా ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే ఇద్దరం పోతాం." సరేనని బోర్డు మీద లిస్టు రాశాను. నాలుగు రకాలు, రకానికి పదమూడు. ఆటీను, డైమను ఎరుపు. ఇస్పేటు, కళావరు నలుపు. ముఖ కార్డులు: ఆసు, రాజు, రాణి, జాకీ. రకానికి నాలుగు చొప్పున మొత్తం పదహారు, ఎర్రవి ఎనిమిది. "బట్టీ పట్టండి. తింటున్నా, తిరుగుతున్నా ఇవే అనుకోండి" అన్నాను. నా మాట తు.చ. తప్పకుండా పాటించే పిల్ల మా స్కూల్లో ఒక్కతే ఉంది. పావని.

ఆ శనివారం పావని నానమ్మకి బాగోలేదని ఊరెళ్ళింది. సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు. గురువారం దాని పక్క మంచం పిల్ల నా దగ్గరికొచ్చి, చున్నీ కొస నలుపుకుంటూ చెప్పింది. "టీచర్, పావనిని వాళ్ళ నాన్న ఇంక పంపడంట. మీరు నేర్పిన మాటలు ఇంటికాడ సదివిందంట."

పరీక్షలకి ఇంకా మూడు వారాలు! వాళ్ళింట్లో పదో తరగతి దాకా వచ్చిన మొదటి పిల్ల అది. ఇప్పుడు ఇంట్లో కూర్చుంటే మళ్ళీ బడి ముఖం చూస్తుందా? అదీ నా మూలంగా. ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. బ్యాగులో నీళ్ళ సీసా, లెక్కల పుస్తకం, పేక కట్ట. కట్ట ఎందుకంటారా? చూపిద్దామని. ఇందులో పాపమేమీ లేదు, ఉత్త అట్టముక్కలేనని వాళ్ళకి విడమరిచి చెబుదామని. తెలివి చూశారా!

జీపు రోడ్డు చివర దింపేసింది. అక్కణ్ణుంచి గంట నడక. పావని వాళ్ళ ఊరు జొన్నగుడ చేరేసరికి నా చీర మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. ముప్పై గడపల ఊరు. ఆడవాళ్ళు వాకిట్లో చింతపండు కొడుతున్నారు. పావని గుమ్మంలోంచి నన్ను చూసి నవ్వబోయి లోపలికెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న పేరు దొన్ను. సన్నగా, నెమ్మదిగా ఉంటాడు. మంచం వాల్చాడు. చోడి అంబలి, అదే రాగి అంబలి, ఇప్పించాడు. మర్యాదకేం లోటు చెయ్యలేదు. కానీ పిల్ల ఊసెత్తగానే, "పంపనమ్మా" అన్నాడు. అంతే. ఎందుకని అడిగితే తల దించుకున్నాడు.

అప్పుడు ఊరి పెద్ద గాసి తాత వచ్చాడు. ఆయన వెనకే ఊరంతా వచ్చింది. తాత నా ఎదురుగా రాయి మీద కూర్చుని చెప్పాడు. "టీచరమ్మా, ఏడేళ్ళ కిందట మా ఊళ్ళో పేక సానా జోరు. ఈ దొన్ను పెద్ద ఆటగాడు. ఒకరోజు పందెంలో జత ఎద్దుల్ని పోగొట్టీనాడు. ఆ యేడు దున్నడానికి లేదు. పెళ్ళాం, ఈ గుంటా కాడి పట్టీనారు."

కాడి పట్టారంటే నాకు ఒక క్షణం అర్థం కాలేదు. ఎద్దులు ఉండాల్సిన చోట వాళ్ళిద్దరూ ఉన్నారన్నమాట. అప్పటికి పావనికి ఎనిమిదేళ్ళు. మా అమ్మమ్మ అరుగు మీద ఇస్పేటంటే నవ్వులు, జంతికలు. ఆ మాటే ఈ ఇంట్లో ఆ పిల్ల భుజం మీద కాడి.

"ఆ తర్వాత జాకర దేవత ముందు ఊరంతా ఒట్టేసుకున్నాం. పేక ముట్టకూడదు, ఊళ్ళోకి రానియ్యకూడదు. దొన్ను ఆ రోజు నుంచీ ముట్టలేదు. అలాటోడికి కూతురు అంబలి కాస్తా, ఆసు రాజు రాణి జాకీ అని పాడతంటే ఎలాగుంటది సెప్పు?"

ఎలా ఉంటుంది? నేనైతే పొయ్యిలో కట్టె తీసి టీచర్ని తరుముదును. అక్కడితో "క్షమించండి" అని లేచినా బాగుండేది. కానీ నా నోరు ఊరుకుంటుందా! "తాతా, మీరు చెప్పింది నిజం. కానీ ఇది ఆట కాదు, లెక్క. మీరే చూడండి, ఇందులో ఏటుందో!" అంటూ బ్యాగులోంచి కట్ట తీశాను. తీసినదాన్ని తీసినట్టు ఉంచానా? చెయ్యి అలవాటు! సగానికి విడదీసి, రెండు బొటనవేళ్ళతో అంచులు వంచి, ఫ్రర్రర్రుమని కలిపేశాను. కలిపి వాకిట్లో ఉన్న చాప మీద విసనకర్రలా పరిచేశాను. మా అమ్మమ్మ చూసుంటే మెచ్చుకునేది.

చింతపండు కొట్టే చప్పుడు ఆగిపోయింది. ఒక ముసలమ్మ చెంపలేసుకుంది. గాసి తాత చాప వైపు చూశాడు, నా వైపు చూశాడు. నా మీద జాలి పడుతున్నట్టుంది ఆయన ముఖం. తమలో తాము ఒరియా కలిసిన మాటల్లో ఏదో అనుకున్నారు. తర్వాత తాత తెలుగులో చెప్పాడు. "ఊరి నేల మీద పేక పరిస్తే తప్పు కట్టాల. ఒక మేకపోతు, ఊరికి సరిపడా బియ్యం."

"నాకా? నేను మీ ఊరిదాన్ని కాదు కదా తాతా!"

"ఊరోళ్ళకని ఒట్టులో లేదమ్మా. ఎవురైనా అన్నాం."

"నేను టీచర్ని!"

"అవునమ్మా. సదువుకున్నోరికి కట్టుబాటు ఇంకా బాగా తెలియాల."

ఇంకేం మాట్లాడతాను! రోజూ ప్రేయర్‌లో నేను చెప్పే మాటే అది. ఆ ఊళ్ళోనే మేకపోతు దొరికింది. పేక ముక్కలు ఏరుతుంటే ఒకటి జారి కోడి పక్కకెళ్ళింది. దాన్ని తియ్యడానికి ఊళ్ళో ఒక్కరూ చెయ్యి చాచలేదు. నేనే కోడి వెనక వంగుని తిరిగాను. పిల్లలు పడీ పడీ నవ్వారు.

మధ్యాహ్నానికి అడ్డాకుల విస్తళ్ళు వేశారు. నన్ను గౌరవంగా ముందు కూర్చోబెట్టి వడ్డించారు. తప్పు కట్టినవాళ్ళకి పెద్ద పీటంట! ఊరంతా హాయిగా తింటోంది. నాకు మాత్రం ముద్ద దిగట్లేదు. మళ్ళీ అడిగాను. "దొన్నూ, తప్పు కట్టేశాను కదా. ఇప్పుడైనా పిల్లని పంపు."

"మీ తప్పు మీరు కట్టీనారు. నా గుంట సంగతి వేరమ్మా." గొంతు తగ్గించాడు. "దాని నోట్లోంచి ఆ మాటలొత్తంటే నాకు సెయ్యి దురద పుట్టింది. ఏడేళ్ళయినా పోలేదు. నాకు భయమేసింది. దానికీ అంటుకుంటే?"

అప్పుడు నాకు ఏడుపొచ్చేసింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది, మీకు తెలుసు కదా. పావని నా పక్కనే కూర్చుని తింటోంది. దాని మీద అరిచాను. "సరేనమ్మా! బడికి రావద్దు. ఇక్కడే చెబుతాను, ఇక్కడే నేర్చుకో. కట్టలో ఎర్ర ముఖాలు ఎన్ని? రకానికి నాలుగు, రెండు రకాలు, ఎనిమిది. యాభై రెండులో ఎనిమిది. గుర్తు పెట్టుకో!"

"ఆరు."

ఎవరో వెనకనుంచి అన్నారు. తిరిగి చూస్తే దొన్ను. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"ఆరా? ఎనిమిది" అన్నాను.

"ఆరే, టీచరమ్మా. రాజు, రాణి, జాకీ. ఎరుపులో రెండేసి."

"ఆసు ఏమైంది?"

"ఆసులో మొగమేది తల్లీ?" అన్నాడు దొన్ను. నిజంగా అర్థం కాక అడుగుతున్నట్టే ఉంది. "ఒక్క బొట్టే గదా ఉంటది. మనిషేడి?"

ఎడం చేత్తో బ్యాగులోంచి పుస్తకం లాగి పేజీ తిప్పాను. రాజు, రాణి, జాకీ. ముఖ కార్డులు పన్నెండు. అచ్చులో ఉంది! మా అమ్మమ్మ ఆటలో ఆసుకీ రాజుకీ ఒకటే లెక్క, నాలుగూ తలో పది. అందుకని ఆవిడ నాలుగింటినీ కలిపి "మొగాలు" అనేది. ఆ ఇంటి మాటని పట్టుకొచ్చి నేను ముప్పై మంది నోట్సుల్లో రాయించాను. గైడు చూడక్కర్లేదనుకున్న ఒకే ఒక్క పాఠం అది!

నా సిగ్గు నేను పడుతుంటే, అక్కడ దొన్ను ముఖం పాలిపోయింది. ఏడేళ్ళ తర్వాత ఆ మాటలు తన నోట్లోంచే వచ్చాయి. "తాతా, ఒట్టు తప్పీనానా?" అన్నాడు. గాసి తాత ఎముక నములుతూ ఆలోచించాడు. "ముట్టనని ఒట్టేసినావు. తెలిసింది సెప్పనని ఎయ్యలేదు. తిను."

పావని అప్పుడు మెల్లగా అడిగింది. "నాన్నా, ఆ రోజు ఏ ముక్క కోసం ఆగినావు?"

దొన్ను ముద్ద విస్తట్లో పెట్టేశాడు. "కళావరు రాణి" అన్నాడు. "అదొక్కటొత్తే షో. జోకర్లు లేని ఆట. వచ్చీసిద్ది, వచ్చీసిద్ది అనిపించింది. అందుకే ఎద్దుల్ని పెట్టీనాను."

"నీ సేతిలో పదమూడు గదా. కింద పడినవెన్ని?"

"తొమ్మిది. ఇప్పటికీ ఒక్కోటీ సెప్పగలను."

పావని ఎంగిలి వేలితో విస్తరి మీద రాసింది. "యాభై రెండులో ఇరవై రెండు పోతే ముప్పై. కళావరు రాణి ఒక్కటే. ముప్పైలో ఒకటి, నాన్నా. నువ్వు తీసిన ముక్క అదే అవ్వడానికి ముప్పైలో ఒక్క వంతు."

"ముప్పైలో ఒకటా?"

"ఒకటే."

"నాకు సగానికి సగం అనిపించింది గుంటా" అన్నాడు దొన్ను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. "అంత తక్కువని ఎవురూ సెప్పలేదు. సెప్పుంటే లేసొచ్చీసుందును."

నేను ఆ పాఠం చెప్పి పది రోజులైంది. దాని వల్ల ఎవరికైనా ఏమైనా ఉపయోగముంటుందని నాకు నిజంగా తట్టలేదు. మార్కుల కోసం చెప్పాను, అంతే. ఆ పిల్ల మాత్రం దాన్ని తీసుకెళ్ళి వాళ్ళ నాన్న గుండెలో ఏడేళ్ళుగా ఉన్న ముల్లు దగ్గర పెట్టింది. నేను బొటబొటా ఏడ్చాను. ముసలమ్మ కారం ఎక్కువైందనుకుని నాకు నీళ్ళిచ్చింది.

తిన్నాక దొన్ను చేతులు కడుక్కొచ్చి నా ముందు నిలబడ్డాడు. "రేపు తీసుకొత్తానమ్మా. ఈ లెక్క నేర్సుకోవాల అది. కానీ నేర్సుకుంటే సరిగ్గా నేర్సుకోవాల." ఆ రెండో మాట ఎవరి కోసం అన్నాడో నాకు బాగానే తెలిసింది. తల ఊపాను.

సోమవారం ఫస్ట్ బెల్ కాకముందే తండ్రీ కూతుళ్ళు గేటు దగ్గరున్నారు. పావని పరుగెత్తి తన బెంచీలో కూర్చుంది. దొన్ను వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. వరండాలో, మా క్లాసు కిటికీ దగ్గర, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నేను గొంతు సవరించుకున్నాను. "పిల్లలూ, నోట్సులు తియ్యండి. ముఖ కార్డుల లిస్టులో ఆసు కొట్టెయ్యండి."

"ఎందుకు టీచర్?"

"అదీ... సిలబస్ కొంచెం మారింది."

కిటికీ వైపు చూశాను. దొన్ను నా వైపే చూస్తున్నాడు. ఊళ్ళో మేకపోతుని తప్పు కట్టినప్పుడు కూడా నాకంత ఇబ్బంది అనిపించలేదు.

"మారలేదు. నేను తప్పు చెప్పాను" అన్నాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆ మాట మొదటిసారి అన్నాననుకుంటాను. పిల్లలు ఆశ్చర్యంగా ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. బోర్డు మీద పదహారు చెరిపి పన్నెండు రాశాను, కిటికీ వైపు చూశాను. ఆయన తలూపాడు. ఎనిమిది చెరిపి ఆరు రాశాను, మళ్ళీ చూశాను. తలూపాడు. అలా ఒక్కో అంకె రాయడం, కిటికీ వైపు చూడడం. పీరియడంతా ఇదే వరస.

చివరికి ఆయన బోర్డంతా ఒకసారి పరకాయించి, కిటికీలోంచి లోపలికి తల పెట్టాడు. "ఆ, ఇప్పుడు సరిగ్గుంది. రాసుకోండి, గుంటలూ!"

నేను మూడుసార్లు చెబితేగానీ పెన్ను మూత తియ్యని పిల్లలు, ఆ ఒక్క మాటకి ముప్పై మందీ గబగబా రాసేసుకున్నారు. దాపరికమేముందర్రా, నేనూ రాసుకున్నాను.